సీ అంకుల్, కే గారు, మధ్యలో నా లేబుళ్ళు

దీపావళికి సరిగ్గా పదకొండు రోజుల ముందు, సోమవారం ఉదయం ఎనిమిదీ నలభైకి మొదలైంది ఆ గొడవ. ఆ రోజుల్లో కంప్యూటరులోని సంగతులన్నీ అరచేతిలో ఇమిడే చదరపు ప్లాస్టిక్ బిళ్ళల్లో దాచుకునేవాళ్ళం. ఫ్లాపీ డిస్క్, పొట్టిగా ఫ్లాపీ అనేవాళ్ళం. (మొన్న సొరుగులో ఒకటి దొరికితే మా మనవరాలు దానిమీద టీ కప్పు పెట్టుకుంది. దానికి అదే సరైన గౌరవమని నేనూ ఊరుకున్నాను.) ఆ బిళ్ళ పేరు ఇంగ్లీషులో ఎలా రాయాలన్న దానిమీద నా ఉద్యోగం పోయేంత పనైందంటే ఇప్పటివాళ్ళు నమ్మరు.

అప్పటికి నాకు ఇరవై ఒకటి నిండాయి. మలేషియాలో పేరాక్‌లోని మా ఊరు వదిలి సింగపూర్ వచ్చి, సెంబవాంగ్‌లో ఓడలు బాగుచేసే ఒక కంపెనీలో గుమాస్తాగా చేరాను. ఆరు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. చెయ్యకపోతే కాజ్‌వే వంతెన దాటి మళ్ళీ మలేషియాలో మా అన్నయ్య ఇంటికి పోవాలి. అక్కడ మా వదిన తన ముగ్గురు పిల్లలకూ లెక్కలు చెప్పే పని నాకోసం ముందే అట్టేపెట్టి ఉంచింది. ఖాయం కావడానికి ఇద్దరి సంతకాలు కావాలి. ఆ ఇద్దరిలో ఒకరు మా పెద్ద గుమాస్తా. మాలాగే మలేషియాలో పుట్టిన తెలుగాయన, తెల్లదొరల నాటి బళ్ళో చదివిన మనిషి. రెండో ఆయన కంప్యూటరు చూసుకోవడానికి విశాఖ నుంచి వచ్చినాయన. ఆయన చదివే పుస్తకాలన్నీ అమెరికావి. కంప్యూటరు పెట్టడానికి పెద్ద గుమాస్తా బల్లను కిటికీ పక్కనుంచి జరిపారు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఆ సోమవారం పెద్ద గుమాస్తా నా ఫ్లాపీల పెట్టె తెరిచి లేబుళ్ళు చూశారు.

"అలమాక్! ఏం రాత అమ్మాయ్ ఇది? డిస్క్‌కి చివర కే పెడతారా? సీ పెట్టాలి. మా వాద్యారు చూస్తే తోలు తీసేవాడు లా!" (అలమాక్ అంటే అయ్యో, వాద్యారు అంటే పంతులు, లా అన్నది ఊరికే మాటకు తోక.)

అన్నిటికీ సీ పెట్టాను. గురువారం విశాఖ ఆయన వచ్చారు.

"ఏటమ్మా ఇది? పుస్తకంలో ఏటుంది, నువ్వేటి రాసినావు? కే కదా ఉండాల!"

"మీరిద్దరూ ఒక్కమాట అనుకుని చెబితే..." అని నసిగాను.

"ఆయనతో నాకేటమ్మా మాటలు?" అన్నారు ఈయన. "వాడితో నాకేం మాటలు లా?" అన్నారు మర్నాడు పెద్ద గుమాస్తా. ఆఫీసులో మిగతావాళ్ళు పెద్ద గుమాస్తాకి సీ అంకుల్ అని, విశాఖ ఆయనకి కే గారు అని పేర్లు పెట్టేశారు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పెద్దవాళ్ళిద్దరు రెండు మాటలు చెబితే ఇద్దరికీ "అలాగే" అనాలి, ఎవరికీ కాదనకూడదు. మా అమ్మ అత్తగారికీ పెద్దాడపడుచుకీ మధ్య ఆ ఒక్క మాటతోనే నెగ్గుకొచ్చింది. నేనూ అదే చేశాను. ప్రతి సోమవారం సీ అంకుల్ చూసే ముందు సీ లేబుల్, ప్రతి గురువారం కే గారు చూసే ముందు దానిమీద కే లేబుల్. పాతది పీకితే జిగురు మరక మిగులుతుంది, అది చూస్తే నాకు పడదు. అందుకని పీకకుండా ఒకదానిమీద ఒకటి అంటించాను. అంచుకు అంచు కలిసేలా, ఒక్క మూల కూడా వంకర పోకుండా. (ఆ పనితనానికి ఇప్పటికీ నన్ను నేను మెచ్చుకుంటూనే ఉంటాను.)

నా ఆరో నెల చివరి శుక్రవారం ఒక ఓడ బయలుదేరాలి. చేసిన మరమ్మతుల జాబితా మీద నాలుగింటికి కెప్టెన్ సంతకం పెట్టాలి. జాబితా ఫ్లాపీలో ఉంది. ఫ్లాపీని కంప్యూటరులోకి తోస్తే బిగుతుగా పోయింది. బొటనవేలితో గట్టిగా నెట్టాను. ఇక బయటికి రానంది. పట్టకారుతో లాగితే పట్టకారు వంగింది.

ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు. కే గారు మరలు విప్పి, ఫ్లాపీ దూరే డ్రైవు పగలదీసి దాన్ని లాగారు. దాని రేకు మెలిపడి ఉంది, లేబుల్ వైపు బూరెలా ఉబ్బి ఉంది. సీ అంకుల్ గోటితో పైపొర లేపారు. కే. దాని కింద సీ. దాని కింద కే. ఆఫీసంతా చూస్తోంది. పొరలు ఒలుస్తూనే ఉన్నారు.

"ఇది ఫ్లాపీయా, ఉల్లిపాయా?" అన్నారు సీ అంకుల్ చివరికి.

"మీరిద్దరూ పెద్దవాళ్ళు. ఎవరి మాటని కాదంటానండీ?" అన్నాను.

"చూసినారా అంకుల్, మనిద్దర్నీ ఎలాగ ఆడించీసిందో!" అన్నారు కే గారు. ఆయన సీ అంకుల్‌తో నేరుగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

"అది తర్వాత చూద్దాం. ముందు ఓడ పోవాలి. నేను ఫోర్‌మన్లకి ఫోన్ చేసి అడుగుతా, నువ్వు టైపు చెయ్యి."

ఒకరు ఫోనులో విని చెబుతూ, ఇంకొకరు కొడుతూ జాబితా మొత్తం మళ్ళీ తయారుచేశారు. నేను కెప్టెన్‌కు కాఫీ మీద కాఫీ పోస్తూ కూర్చోబెట్టాను. అయిదుంబావుకు ఆయన సంతకం పెట్టాడు.

తర్వాత ఇద్దరూ కలిసి నా బల్ల దగ్గరికి వచ్చారు. ఉద్యోగం ఇప్పుడే ఖాయం చెయ్యరట, ఇంకో మూడు నెలలు చూస్తారట. ఆ ఇద్దరూ ఒక విషయంలో ఏకమవడం అదే మొదలు, అదీ నామీదే. నాకు ఏడుపొచ్చింది.

"ఏడవకు లా," అన్నారు సీ అంకుల్. "నిన్ను పంపేస్తే ఇంకెవరో వస్తారు. లేబుళ్ళు వంకరగా అంటిస్తారు."

మూడు నెలల తర్వాత ఖాయం చేశారు. రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాను. సీ, కే గొడవ మాత్రం ఆగలేదు. కాకపోతే తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో ఒకే బల్ల దగ్గర తింటూ పోట్లాడుకునేవారు. ముందు వెళ్ళిన సీ అంకుల్ తన చేతిరుమాలు పరిచి కే గారికి కుర్చీ చోప్ చేసి, అంటే పట్టిపెట్టి ఉంచేవారు.

చాలా ఏళ్ళకు మెరిసే గుండ్రటి సీడీలు వచ్చాయి. వాటి పేరులో డిస్క్‌కి చివర సీ రాస్తారనీ, మా పాత ఫ్లాపీలకి కే రాస్తారనీ, రెండూ ఒప్పేననీ అప్పుడు తెలిసింది. పరుగున వెళ్ళి చెబుదామనుకుంటే సీ అంకుల్ అప్పటికే లేరు. ఆ ఇరవై ఒక్కేళ్ళ పిల్ల ఇప్పుడు ఎదురుపడితే ఒక్క మాట చెబుతాను: మరక పడితే పడనీవే, పాతది పీకి కొత్తది అంటించు. అది వినదనుకోండి, నాకు తెలుసు.

మొత్తం మీద పోయినవి: డ్రైవు ఒకటి, ఫ్లాపీ ఒకటి, పట్టకారు ఒకటి, ఓడకు గంటంబావు సమయం, నాకు మూడు నెలల నిద్ర. ఆ తర్వాత, సీ అంకుల్.