సబ్బునీళ్ల పరీక్ష

ఓలీటా స్ట్రిక్‌ల్యాండ్‌కి సరస్సంటే పడదని ఊరంతా అనుకునేది. ఇల్లేమో ఒడ్డునే. అయినా యాభై ఏళ్లలో ఒక్కనాడూ కాలు తడిపిన పాపాన పోలేదు. ఫ్లోరిడా ఎండల్లో పుట్టి ఇదేం చోద్యమని నవ్వేవాళ్లు. నవ్వే నోళ్లకేం, అసలు సంగతి ఎవరికి తెలుసు గనక!

యుద్ధం రోజుల్లో, ఇరవయ్యో ఏట, ఆమె నారింజపళ్ల ప్యాకింగ్ మానేసి, నేలమీదా నీళ్లమీదా నడిచే సైనిక బండ్ల కార్ఖానాలో వెల్డింగ్‌కి చేరింది. మొదటి బండి నీళ్లు కారుస్తూ సరస్సులోంచి ఒడ్డెక్కి ఎదుట నిలబడ్డప్పుడు ఆమె దాని చుట్టూ రెండుసార్లు తిరిగి చూసింది. అంత ఇనుము తేలిందంటే, అదంతా పక్కల్లోని గాలి అరల మహిమ! ఆ అరలకు అతుకులు వేసేది తనూ, తనలాంటి ఆడవాళ్లూ. అతుకేశాక లోపలికి గాలి కొట్టి పైన సబ్బునీళ్లు పూయాలి. బుడగ లేస్తే చిల్లున్నట్టు. లేవకపోతే సుద్దతో టిక్కు.

ఒక శనివారం పని ముగిసే సైరన్ మోగింది. అవతల డాన్సుకు ఆలస్యమవుతోంది. పదిహేడో నంబరు బండికి ఎడమవైపు చివరి అర మిగిలింది. ఓలీటా సబ్బునీళ్లు పూయకుండానే టిక్కు పెట్టేసి పరుగెత్తింది.

సోమవారం ఆ బండే సరస్సు నడిమధ్యలో మునిగింది. అందులోని ఇద్దరు సైనికులు పోయారు, ఇద్దరూ పాతికేళ్లు నిండనివాళ్లు. మర్నాడే ఓలీటా పని మానేసింది. ఎందుకని అడిగితే కళ్లు మండుతున్నాయంది.

యాభై ఒక్క ఏళ్లకు, ఆ ఇద్దరి పేర్లతో స్మారకంగా నిలపడానికి, బండిని బురదలోంచి పైకి లాగారు. మెకానిక్ డెల్బర్ట్ దాన్ని బాగుచేస్తుంటే, ఓలీటా గిన్నెలు తోమే సబ్బూ బ్రష్షూ పట్టుకుని షెడ్డుకు వచ్చింది.

"ఏంటి మిస్ ఓలీటా, బండికి తలంటుతారా?"

"వేళాకోళాలు చాలించి ఎడమ చివరి అరలోకి గాలి కొట్టు."

"యాభై ఏళ్లు బురదలో నానిందండీ. జల్లెడైపోయుంటుంది."

"కొట్టమన్నానా!"

డెల్బర్ట్ సుత్తితో అరలన్నీ తట్టాడు. బురద నిండినవి దబ్బుమన్నాయి. చివరిది మాత్రం ఖాళీగా ఖంగుమంది. అతను గొట్టం బిగించి గాలి వదిలాడు. ఓలీటా అతుకు పొడవునా సబ్బునీళ్లు పూసి, మోకాళ్లమీద కూర్చుని ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది.

"ఏమైనా లేచాయా?"

"ఉండరా బాబూ!"

ఒక్క బుడగ లేవలేదు. డెల్బర్ట్ టోపీ తీసేశాడు.

"దేవుడా! ఎవరు వేశారో గానీ, ఆ చేతులకు మొక్కాలి."

"నేనేరా! చూడకుండా టిక్కు పెట్టింది కూడా నేనే. ఆ పిల్లల్ని నేనే ముంచాననుకున్నాను..."

డెల్బర్ట్ ఆమె పక్కనే నేలమీద చతికిలబడ్డాడు. "ఇది ముంచలేదండీ. మేం వెతికేటప్పుడు బండి మొత్తం బురదలో కూరుకుపోయి, ఈ మూల ఒక్కటే పైకి లేచి ఉంది. ఇన్నేళ్లూ బండిని పైకి లాగుతూనే ఉంది. దీన్ని పట్టుకునే కదా బయటికి తీశాం!"

ఓలీటా చాలాసేపు ఏడ్చింది. తర్వాత సుద్దముక్క అడిగి తీసుకుని, అతుకు పక్కన టిక్కు పెట్టింది.

ఆనక బ్రష్షు కడగడానికి మోకాళ్లలోతు సరస్సులోకి దిగింది.