ఎర్ర పేలిక కట్టిన స్విచ్చు

ఆ రోజుల్లో మా గోదావరిఖనిలో ఎవరి డాబా మీదైనా నల్లగా ఏదైనా కనిపించిందంటే అది ఎండబెట్టిన వడియాల మీద పడిన బొగ్గు దుమ్మే తప్ప సోలార్ పలక కాదు. బొగ్గు తవ్వి ఊరూరికీ దీపాలు పెట్టే జనం మేము. మాకు సూర్యుడు కరెంటు ఇస్తాడంటే నవ్వరా మరి? అలాంటి ఊళ్ళో, ఎలక్ట్రికల్ డిప్లొమా చేతపట్టుకుని తిరిగి తిరిగి, చివరికి కొత్తగా తెరిచిన సోలార్ షాపులో పనికి చేరిన మహాతల్లిని నేను. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఇప్పుడు తలుచుకుంటే నా ధైర్యానికి నాకే ముచ్చటేస్తుంది. (ధైర్యం అని నేను మర్యాదగా అంటున్నాను. మా అమ్మ అప్పట్లో వాడిన మాట వేరు.) మా ఓనరుగారిది కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. మనిషి మంచివాడే గానీ ఓపిక మాత్రం అగ్గిపుల్లంత. "చూడమ్మా, నీకు తెలిసినవాళ్ళలో ముందు ఒక్క ఇంటికి పెట్టించు. అది బాగుంటే నీ ఉద్యోగం ఉన్నట్టు, లేకపోతే నువ్వు వేరేది చూసుకున్నట్టు" అని మొదటి రోజే తేల్చేశాడు. నేను బాగా ఆలోచించి, ఊళ్ళో ఇంతమంది ఉండగా, వెళ్ళి వెళ్ళి మా పెద్దబాపును పట్టుకున్నాను.

పెద్దబాపు అంటే మా బాపుకు, అంటే నాన్నకు, అన్న. భూగర్భ గనిలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన అనుమానం గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే, దవాఖానలో డాక్టరు జ్వరం తగ్గిందంటే "ఇంకో థర్మామీటరు లేదా?" అని అడిగిన మనిషి. పాలవాడు ఆయన గడపలోకి రాకముందే క్యాను మూత తీసి చూపించేవాడు. కంపెనీ క్వార్టరులో ఉన్నన్నాళ్ళు కరెంటు బిల్లు అనేది ఒకటుంటుందని ఆయనకు పట్టలేదు, ఫ్యాను తిరిగితే తిరిగేది, హీటరు కాలితే కాలేది. సొంతింటికి మారాక మొదటి బిల్లు చూసి, మీటరు ముందు కుర్చీ వేసుకుని ఒక పూటంతా దాన్ని కాపలా కాశాడు. ఆ కోపంలో ఉన్నప్పుడే నేను వెళ్ళి సోలార్ గురించి చెప్పాను. ఆయన, "సూర్యుడు మనకెందుకిస్తడే ఉత్తగ? గిండ్ల ఏదో మతలబున్నది" అన్నాడు. అని మరీ సరేనన్నాడు, ఆ మతలబేదో దగ్గరుండి పట్టుకుందామని.

బిగించే రోజు పెద్దబాపు గేటు దగ్గరే నిలబడి, ఆటోలోంచి దిగిన ప్రతి సామాను మీదా తాళాల గుత్తితో టకటకా కొట్టి చప్పుడు వినడం మొదలుపెట్టాడు. గనిలో కప్పును కర్రతో కొట్టి గుల్లగా ఉందో లేదో చూసే అలవాటు, పైకి వచ్చినా పోలేదు. మా షాపులో బిగించే పనివాణ్ణి అందరం తీగలన్న అనేవాళ్ళం. తీగలన్న అద్దాల మీద కొట్టొద్దని బతిమాలుతూ ఆయన వెనకాలే తిరిగాడు. పలకలు సరే అనిపించుకున్నాయి. తరువాత పెద్దబాపు ఇన్వర్టరు దగ్గర ఆగాడు. పలకల నుంచి వచ్చే కరెంటు ఒకే దిక్కుగా పారుతుంది పెద్దబాపూ, ఇంట్లో ఫ్యాన్లకు కావలసింది ముందుకూ వెనక్కూ ఊగే కరెంటు, దీన్ని దానిగా మార్చేది ఇదీ అని నేను పాఠం అప్పజెప్పాను. "మరి చప్పుడేది? పనిచేసేది చప్పుడు చెయ్యాలె. గింత నిమ్మళంగున్నదంటే నాకు నమ్మకం లేదు" అన్నాడు. బ్యాటరీ లేదంటే ఇంకా కళ్ళు చిన్నవి చేశాడు. "బ్యాటరీ లేని ఇన్వర్టరా? తొవ్వల అమ్ముకున్నరా ఏంది?" అన్నాడు. బ్యాటరీ అవసరం లేదనీ, పగలు మిగిలిన కరెంటు బయటి లైనుకు పోతుందనీ, రాత్రికి కావలసింది ఆ లైను నుంచే వస్తుందనీ, రెండింటి లెక్కా నెట్ మీటరు చూసుకుంటుందనీ చెప్పాను. దానికాయన, "పోయిందీ అదే చెప్తది, వచ్చిందీ అదే చెప్తదా? దొంగా పోలీసూ ఒక్కడేనా?" అన్నాడు.

ఇక డబ్బాల దగ్గర పెద్ద పంచాయితీ అయింది. ఇన్వర్టరుకు ముందు ఒక డబ్బా, తరువాత ఒక డబ్బా. పలకల వైపుది డీసీ డబ్బా, ఇంటి వైపుది ఏసీ డబ్బా, ఎటు నుంచి ప్రమాదం వచ్చినా అడ్డుకోవడానికి ఫ్యూజులూ స్విచ్చులూ వాటిలో ఉంటాయి. "ఒక్కటి సాలదా? జోడు ఎందుకు, ఎడ్లా?" అన్నాడు. ఎర్తింగు కోసం మూడు గుంతలు తవ్వుతుంటే పెద్దమ్మను పిలిచి, "చూడు, ఒక్క కరెంటుకు మూడు బొందలు తవ్వుతుండ్రు. ఒకటి నాకు, ఒకటి నీకు, మూడోది ఎవనికో" అన్నాడు. (ఒకటి పలకలకు, ఒకటి ఇన్వర్టరుకు, ఒకటి పిడుగు పడితే దాన్ని భూమిలోకి దించడానికి. చెప్పాను. వినలేదు.) అయితే ఒక్క మాట. ఇన్ని అనుమానాల మధ్య ఆయనకు ఒక్క వస్తువు మాత్రం చూడగానే నచ్చింది, ఏసీ డబ్బాలోని స్విచ్చు. అది బంద్ చేస్తే సోలార్ అంతా బంద్. "ఇదొక్కటి నిజాయితీగున్నది" అని దాన్ని తాళాల గుత్తితో కొట్టకుండానే వదిలేశాడు. నేను కూడా సంతోషించి, మన ఊళ్ళో దుమ్ము ఎక్కువ కాబట్టి పలకలను అప్పుడప్పుడు కడగాలనీ, కడిగే ముందు ఈ స్విచ్చు బంద్ చేయాలనీ చెప్పి వచ్చాను.

కొన్నాళ్ళు అంతా బాగానే నడిచింది. పెద్దబాపు కుర్చీ పాత మీటరు దగ్గర నుంచి కొత్త మీటరు దగ్గరకు మారింది, అంతే తేడా. పక్కింటివాళ్ళు కూడా వచ్చి చూసి, మాకూ పెట్టించండి అనే దాకా వచ్చారు. మా ఓనరుగారు నన్ను "అమ్మాయ్" అనడం మాని "ఇంజనీరమ్మా" అనడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడు మందమర్రిలో ఉన్న మా అక్కకు, అంటే పెద్దబాపు కూతురికి, నొప్పులు మొదలయ్యాయని పొద్దున్నే ఫోను వచ్చింది. పెద్దబాపు ఉన్నపళంగా బస్సెక్కి వెళ్ళాడు. మనవడు పుట్టాడు, అంతా క్షేమం అని కబురు వచ్చింది. ఆ కబురు వెనకే ఇంకో కబురు పెద్దమ్మ దగ్గర నుంచి వచ్చింది. "బిడ్డా, మీ డబ్బా మీద ఎర్ర దీపం వెలుగుతుందే."

పరుగెత్తాను. ఇన్వర్టరు మీద ఎర్ర దీపం, బయటి లైను అందడం లేదని దాని ఫిర్యాదు. ఇంట్లో చూస్తే ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి, లైను భేషుగ్గా ఉంది. ఇక నాకు పట్టింది మా ఇంటి జబ్బు. ముందు నెట్ మీటరును అనుమానించాను. తరువాత ఇన్వర్టరునే అనుమానించాను, సరఫరా చేసినవాళ్ళు పాతదాన్ని తుడిచి పంపారేమోనని. మేడ ఎక్కి చూస్తే పలకల మీద ఎండిపోయిన గుడ్డ ఒకటి, పక్కన బోర్లాపడిన బకెట్టు. అంతే, పక్కింటివాళ్ళు కుళ్ళుకొని గుడ్డ విసిరారని తీర్మానించేసుకున్నాను. (పాపం, వాళ్ళు ఆ వారమే మాకు ఆర్డరు ఇద్దామనుకుంటున్నారు.) దిగివస్తూ మెట్ల గదిలో డబ్బాలు చూశాను. ఏసీ డబ్బా స్విచ్చు బంద్ చేసి ఉంది. దానికి ఇనుప తీగతో ఒక ఎర్ర గుడ్డ పేలిక కట్టి ఉంది. ఓహో, తీగలన్న ఏదో పని మొదలుపెట్టి మధ్యలో ఆపాడన్నమాట అనుకుని, దాన్ని తాకకుండా పక్కనుంచి వచ్చేశాను.

బయటివాళ్ళకు ఇది వింతగా ఉంటుంది కాబట్టి చెప్పాలి. గనిలో యంత్రం మీద చెయ్యి పెట్టేవాడు ముందు స్విచ్చు బంద్ చేసి దానికి తన గుర్తు కడతాడు. కట్టినవాడే విప్పాలి. మేనేజరు వచ్చినా ముట్టుకోడు, ఎందుకంటే ఆ స్విచ్చుకు అవతల ఎక్కడో ఒక మనిషి చేతులు యంత్రంలో ఉంటాయి. మా ఇళ్ళలో పిల్లలకు ఇది నిప్పు ముట్టుకోవద్దు అన్నంత సహజంగా నేర్పుతారు. మా ఇంట్లో నేర్పే పని కూడా లేదు. మా బాపు ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. ఆయన గనిలో బొగ్గు మోసే బెల్టు బాగుచేస్తుంటే ఎవరో తొందరపడి, కట్టిన గుర్తు పీకేసి స్విచ్చు వేశారు. అన్నం కలిపే ప్రతిసారీ మేము చూస్తూ పెరిగిన పాఠం అది.

తీగలన్నకు ఫోను చేస్తే, "నేనెందుకు కడ్త? మొన్న అటు పోయినప్పుడు చూసిన గానీ, నువ్వే కట్టినవనుకున్న. ముట్టుకోలే" అన్నాడు. పెద్దమ్మ, "నేను రోజు చూస్తున్న, మీ షాపోళ్ళు కట్టిండ్రనుకున్న" అంది. అంటే ఇంతమందిమి వచ్చి, చూసి, గౌరవంగా తప్పుకుని పోయామన్నమాట. ఈలోగా పెద్దబాపు మందమర్రి నుంచి ఫోను చేసి, మనవడి సంగతి ఒక్క ముక్క చెప్పి, "ఎర్ర దీపమా? నేను ముందే అన్న! నేను లేంది చూసి నా కరెంటు మింగుతుండ్రు" అని ఊరంతా వినబడేలా అరిచి, నేను పేలిక సంగతి చెప్పేలోగా ఫోను పెట్టేశాడు. పక్కింటివాళ్ళు ఆర్డరు ఆపేశారు. మా ఓనరుగారు తీగలన్నను వెంటబెట్టుకుని స్వయంగా బయలుదేరి వచ్చాడు.

ఆయన మెట్ల గదిలోకి వచ్చి ఆ పేలికను చూసి, "ఏంటమ్మా ఇది? స్విచ్చు ఆఫ్‌లో ఉంటే ఎర్ర దీపం కాక పచ్చ దీపం వెలుగుతుందా?" అని చెయ్యి చాపాడు. మెట్ల కింద నుంచి పెద్దమ్మ కేక వేసింది. "చెయ్యి పెట్టకు సారూ! ఆడ ఎవని పానం ఏలాడుతుందో!" తీగలన్న రెండడుగులు వెనక్కి వేశాడు. నేనేం చేశానో నాకే తెలియదు, వెళ్ళి డబ్బాకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను. ఓనరుగారు నన్ను ఎగాదిగా చూశాడు. "పైన ఎవరూ లేరమ్మా, నేనిప్పుడే చూసొచ్చాను" అన్నాడు. నిజమే, ఎవరూ లేరు. చదువుకున్నదాన్ని, నాకూ తెలుసు. "కట్టినోళ్ళు రావాలె సార్" అన్నాను. "వాళ్ళెవరో తెలియదంటున్నావుగా! చూడు, నువ్వు తప్పుకోకపోతే రేపట్నుంచి షాపుకు రానక్కర్లేదు." మా అమ్మ ఏమంటుందో, మళ్ళీ ఎన్ని గుమ్మాలు ఎక్కాలో, అన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరిగాయి. ఏడుపొచ్చింది కూడా. చేతులు మాత్రం కిందికి దిగలేదు.

ఆ సమయానికే గేటు చప్పుడైంది. దొంగలను పట్టుకోవడానికి చెప్పాపెట్టకుండా వచ్చిన పెద్దబాపు, ఒక చేతిలో మిఠాయి డబ్బాతో మెట్లెక్కి వచ్చాడు. "ఎవడు? ఎవడు బంద్ చేసిండు నా స్విచ్చు?" అంటూ నన్ను పక్కకు జరిపి పేలికను పట్టుకున్నాడు. తీగ మెలికను చూశాడు. గుడ్డను తిప్పి చూశాడు. ఎప్పటిదో మేడే జెండా ముక్క అది, అటక మీద తనే దాచుకున్నది. మందమర్రి వెళ్ళిన రోజు పొద్దున పలకలు కడుగుదామని స్విచ్చు బంద్ చేసి, పద్ధతి ప్రకారం గుర్తు కట్టి, బకెట్టుతో పైకెక్కి ఒక పలక తుడిచాడో లేదో, కూతురి ఫోను వచ్చింది. మిగతాది మీకు తెలుసు.

"ఇన్ని దినాలు ఎవ్వలు ముట్టుకోలేదా?" అన్నాడు చివరికి, చిన్న గొంతుతో. మా ఓనరుగారు, "నేను ముట్టుకోబోయానండీ. ఉద్యోగం పోతుందన్నా మీ అమ్మాయి కదల్లేదు" అన్నాడు. పెద్దబాపు తీగ విప్పి స్విచ్చు వేశాడు. కాసేపటికి కింద పెద్దమ్మ "పచ్చ దీపం!" అని అరిచింది. పెద్దబాపు నా తల మీద చెయ్యి పెట్టి, "ఆనాడు నీ బాపు చెయ్యి బెల్టుల ఉన్నప్పుడు, గిట్ల అడ్డం నిలబడేటోడు ఒక్కడున్నా సాలు బిడ్డా" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు నేను చూడడం అదే మొదటిసారి. మా ఓనరుగారు గోడవైపు తిరిగి, ఎర్తింగు తీగ సరిగ్గా ఉందో లేదో చాలా శ్రద్ధగా పరీక్షించాడు. ఉద్యోగం మాట మళ్ళీ ఎత్తలేదు. పెద్దబాపు ముక్కు తుడుచుకుని, వెంటనే తన సొంత గొంతులోకి వచ్చేశాడు. "అయినా బంద్ చెయ్యమని చెప్పినదానివి, కడిగినంక మళ్ళ వెయ్యమని ఎందుకు చెప్పలే? నీ మీద నాకు మొదటిసంది అనుమానమే!"

ఇప్పుడు నాకు సొంత షాపు ఉంది. బొగ్గు ఊరిలో డాబా డాబాకూ పలకలున్నాయి. పెద్దబాపు లేడు. మొన్నొక చలి ఉదయం, మా అమ్మాయి బడికి వెళ్ళిపోయాక చూస్తే, మా ఇంట్లో గీజరు స్విచ్చుకు ఎర్ర రిబ్బను ఒకటి చుట్టి ఉంది. మా ఆయనది వేరే ఊరు, తీసి పారేయబోతే నేను చేతులు చాపి అడ్డం నిలబడ్డాను. అందరం చన్నీళ్ళే పోసుకుని వణుక్కుంటూ పనులకు పోయాం. సాయంత్రం బడి నుంచి వచ్చిన మా అమ్మాయి, "తడిసిందని ఆరేసిన అమ్మా, మర్చిపోయిన" అంది. ఒళ్ళు మండింది. తిడదామని నోరు తెరిస్తే, నా గొంతులోంచి వచ్చిన మాట నాది కాదు.

"నీ మీద నాకు మొదటిసంది అనుమానమే" అన్నాను. అని, ఆ రిబ్బను విప్పమని దాని చేతికే వదిలేసి, వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఒక్కదాన్నే నవ్వుకున్నాను.