మూడు కన్నాల గిటారు

రిటైరయ్యాక మా తమ్ముడు ఓగ్న్యాన్‌కి ఒక్కటే పని మిగిలింది. వంటింటి కిటికీ దగ్గర కూర్చుని, కింద పోయే ట్రాలీబస్సుల చప్పుడు విని, ఏ మోటారుకి ఏం రోగమో చెప్పడం. జీవితమంతా మా రూసె ఊరి బస్సు డిపోలో ఆ మోటార్లే బాగుచేశాడు కాబట్టి చెప్పేది నిజమే అయ్యుంటుంది. కానీ వినేదాన్ని నేనొక్కదాన్నే. భార్య ఎప్పుడో విడాకులిచ్చి వెళ్లిపోయింది, పిల్లల్లేరు, ఉంటున్నది నా ఇంట్లో. పక్కగదిలో మిషన్ మీద ఎవరి పెళ్లిగౌనో కుడుతూ, ‘వీడిలా కిటికీ దగ్గరే మూగబోతాడు కాబోలు’ అని భయపడేదాన్ని. భయమేస్తే నాకు కోపం వస్తుంది. అందుకని రోజూ తిట్టేదాన్ని.

వయసులో ఉన్నప్పుడు వీడు పెళ్లిళ్లలో గిటారు వాయించేవాడు. జీతాలు ఆగిపోయిన ఆ చలికాలంలో దాన్ని అమ్మి కట్టెలు కొనుక్కున్నాం. ఆ తర్వాత వాడు గిటారు మాటెత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అలాంటివాడు ఒక ఆదివారం ఉల్లికాడలు తెమ్మని పంపితే, పాతసామాన్ల సంతలో దూరి, చంకలో ఎలక్ట్రిక్ గిటారు పెట్టుకుని వచ్చాడు. ఉల్లికాడలు లేవు. అరవై లేవాల డబ్బు ఇచ్చాడట, కారుచవకట. ఆ గిటారు అవతారం చూడాలి! మెడ విల్లులా వంగింది, తీగలు తుప్పు, ఒక మీట లేదు. ముందువైపు పలక ఏదో అకార్డియన్ తొడుగులోంచి కోసింది. ముత్యపుచిప్ప రంగు కాస్తా పసుపురంగుకి తిరిగింది. అకార్డియన్ మీటలు ఉండాల్సినచోట వరసగా మూడు కన్నాలు అలాగే ఉన్నాయి.

“ఒరేయ్, పొయ్యిలోకి కట్టె కావాలంటే కింద కొట్లో దొరుకుతుందిగా,” అన్నాను.

వాడు వినిపించుకోలేదు. గిటారుని ఒళ్లో పడుకోబెట్టుకుని మెడవెంట ఒంటికన్నుతో చూస్తున్నాడు. “వంగింది గానీ విరగలేదక్కా,” అన్నాడు. ఆ ఏడాదంతా వాడి గొంతులో నేను విన్న మొదటి సంతోషం అది. దాంతో నోరు మూసుకున్నాను. ఉల్లికాడలు నేనే వెళ్లి తెచ్చుకున్నాను.

ఇక మొదలైంది నా అవస్థ. తీగలు విప్పేసి, మెడలోపలి ఇనపకడ్డీని తాళంచెవితో రోజుకింత తిప్పేవాడు. ఒకేసారి తిప్పితే చెక్క పగులుతుందట. మెడమీది మెట్లకి పట్టిన తుప్పుని కత్తులు నూరే రాయితో గీకి సమం చేశాడు. పలకని నా టూత్‌పేస్టు పెట్టి తోమితే పసుపు పోయి ముత్యపు నిగనిగ బయటపడింది. లేని మీటకి మా నాన్న రేడియో గుండీ పీకి బిగించాడు. ఇదంతా అయ్యాక చూస్తే అసలు ప్రాణమే లేదు. తీగల కింద ఉండే కాయిల్ లోపల ఎక్కడో తెగిపోయింది.

“నీ మిషన్ ఒక్క పూట ఇస్తావా?” అన్నాడు. బట్టకని అనుకున్నాను. చూద్దును గదా, బాబిన్ చుట్టేచోట కాయిల్ బిగించి, వెంట్రుకకన్నా సన్నటి రాగితీగ చుడుతున్నాడు! వాడు తీగ పట్టుకోవడం, నేను పెడల్ తొక్కడం. కాస్త గట్టిగా తొక్కితే పుటుక్కున తెగేది, మళ్లీ మొదటికి. నన్ను పెళ్లిబట్టల షాపువాళ్లు ఫోన్లో తిడుతూనే ఉన్నారు. ఎట్టకేలకు చుట్టడం అయింది. కొత్త తీగలు బిగించి, వైరు పాత రేడియోకి తగిలించి మీటితే, కిటికీ అద్దాలు అదిరాయి. పైఅంతస్తు ముసలాయన చీపురుకర్రతో నేలమీద పొడిచాడు. మేమిద్దరం పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం. ఆ రోజునించి వాడు కిటికీ దగ్గర కూర్చోవడం మానేశాడు, మొహం కడుక్కుంటూ కూడా కూనిరాగమే.

ఇంత హాయిగా ఉందా, వారం తిరక్కుండా రొట్టెలకొట్టు దగ్గర బస్టాపు స్తంభానికి అంటించిన ఫోటోకాగితం నా కంటబడింది, పోయినవాళ్లని తలుచుకుంటూ మా ఊళ్లో ఇలాంటివి అంటిస్తారు. వద్దన్నా కళ్లు అటే పోతాయి, తెలిసినవాళ్లెవరైనా పోయారేమోనని. ‘నువ్వు లేక ఆరు నెలలు’ అని ఉంది, మ్లాదెన్ అని పేరు, కింద ‘నీ భార్య’ అని, శనివారం శ్మశానంలో ప్రార్థన అని వేళ. పైన ఫోటోలో బట్టతలాయన ఒకడు గిటారు పట్టుకుని నవ్వుతున్నాడు. గిటారు ముందుపలక మీద వరసగా మూడు కన్నాలు.

మా ఇంట్లో ఉన్న గిటారే. ఎవరూ చూడకుండా చింపేద్దామా అనిపించింది కూడా. కానీ పోయినవాళ్ల కాగితం మీద చెయ్యివేసే మనిషి మా ఊళ్లో పుట్టలేదు. ఇంటికెళ్లి చెప్పేశాను. వాళ్లు అమ్మారు, నువ్వు కొన్నావు, నీ తప్పేం లేదని కూడా చెప్పాను.

ఓగ్న్యాన్ గిటారుని ఒళ్లోకి తీసుకున్నాడు. “పోయినాయన ఫోటో అని ఏరికోరి దీన్ని పట్టుకున్నదే పెట్టిందంటే, ఆ భార్య దీన్ని ఎందుకమ్ముతుందక్కా? ఆవిడకి తెలీకుండా ఎవరో తెచ్చి అమ్మేశారు. శనివారం తీసుకెళ్లి ఇచ్చేద్దాం,” అన్నాడు. తర్వాత గిటారుని దుప్పట్లో చుట్టాడు. శనివారం దాకా విప్పలేదు. వెళ్లి మళ్లీ ఆ కిటికీ దగ్గరే కూర్చున్నాడు. ఆ మూడు రోజులూ నాకు అన్నం సహించలేదు. తీసుకెళ్లి ఇచ్చేశాక వాడు ఇక అక్కణ్నించి లేవడని నాకు తెలుసు.

శ్మశానంలో సమాధి చుట్టూ పట్టుమని పదిమంది లేరు. ఫాదర్ ప్రార్థన ముగించి సాంబ్రాణి సర్దుకుంటున్నాడు. మ్లాదెన్ భార్య పరాష్కెవా, నల్లరుమాలు కట్టుకున్న పెద్దావిడ, ఉడికించి చక్కెర కలిపిన గోధుమలు చిన్నచిన్న కప్పుల్లో అందరికీ పంచుతోంది. మాకూ ఇచ్చింది, మేమెవరో తెలియకపోయినా. పోయినవాళ్ల పేర పెట్టినదానికి థాంక్స్ చెప్పకూడదు కాబట్టి, “దేవుడు మ్లాదెన్‌ని క్షమించుగాక,” అని తీసుకున్నాం. అప్పుడు ఓగ్న్యాన్ దుప్పటి విప్పాడు.

ఆవిడ చేతిలో కప్పు కిందపడింది. “ఇది నీకెక్కడిది, నాయనా?”

సంతలో కొన్నానని, ఎంతకో కూడా చెప్పాడు. ఆవిడ మెల్లిగా తన అల్లుడివైపు తిరిగింది. అల్లుడు తన బూట్లకేసి చూసుకుంటున్నాడు. ఆవిడ అతన్ని ఒక్క మాట తిట్టలేదు, చెయ్యి చాపింది. “అరవై తియ్యి,” అంది. అతను తీశాడు. ఆవిడ ఆ నోట్లు ఓగ్న్యాన్ చేతిలో పెట్టి, గిటారు కోసం చేతులు చాపింది.

ఓగ్న్యాన్ గిటారు ఇచ్చేశాడు. “డబ్బు వద్దమ్మా, మీ వస్తువు మీరు తీసుకోండి,” అన్నాడు.

“నువ్వు డబ్బు వెనక్కి తీసుకోకపోతే అది అమ్ముడుపోయినట్టే ఉంటుంది,” అందావిడ. “ఆయన పోయిన నలభయ్యోనాడు ఎవరైనా వాయించేవాడికి ఆయన పేర దానమిద్దామని చూస్తే, గోడకి మేకు తప్ప ఏం లేదు. చచ్చినవాడి వస్తువు మా ఇంట్లోవాళ్లే అమ్ముకు తిన్నారేమోనని అప్పటినించీ నాకు కంటిమీద కునుకు లేదు, నాయనా. డబ్బు జేబులో పెట్టుకో.”

వాడు పెట్టుకున్నాడు. అప్పుడావిడ గిటారుని రెండు చేతులా ఎత్తి, గోధుమలు ఇచ్చినట్టే వాడి ముందుకు చాపింది. “మా మ్లాదెన్ ఆత్మ కోసం, తీసుకో.”

ఓగ్న్యాన్ నోరు తెరిచాడు. ఎక్కడ థాంక్స్ అంటాడోనని వాడి కాలు తొక్కాను. “దేవుడు మ్లాదెన్‌ని క్షమించుగాక,” అన్నాడు. అని భోరుమన్నాడు. అమ్మయ్య అనుకుని నేను పక్క సమాధి గట్టుమీద కూలబడ్డాను. ఎవరిదో కూడా చూసుకోలేదు.

“మోగుతుందా?” అనడిగింది పరాష్కెవమ్మ. మ్లాదెన్ దాన్ని బాగుచేస్తానని విప్పి తనే పాడుచేసుకున్నాడట, నాలుగేళ్లు ఊరికే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడట. ఓగ్న్యాన్ కళ్లు తుడుచుకుని అక్కడే వాయించాడు. కరెంటు లేని గిటారు, దోమ పాడినట్టు వినిపిస్తుంది. ఆవిడ చెవి దగ్గరపెట్టి వంగింది, ఫాదర్ కూడా వంగాడు. ఇదేం వినడం, ఆదివారం మా ఇంటికి రమ్మని చెప్పాను.

వచ్చింది. పొరల పిండిలో చీజు పెట్టి బనిత్స కాల్చాను, ఒక ముక్క తిని సోఫాలో కూర్చుంది. ఓగ్న్యాన్ రేడియోకి తగిలించి, అద్దాలు అదిరేలా ఒక పెళ్లిపాట ఎత్తుకున్నాడు. పైఅంతస్తు నుంచి చీపురుకర్ర పోట్లు పడుతూనే ఉన్నాయి. పాట సగంలో చూస్తే పరాష్కెవమ్మ తల వెనక్కి వాల్చి, నోరు కొంచెం తెరిచి, గుర్రుపెట్టి నిద్రపోతోంది. వాడు ఆపబోయాడు. ఆపావో చంపుతాను, వాయించరా అని సైగ చేసి, ఆవిడ మోకాళ్లమీద దుప్పటి కప్పాను.