జపాను రాణి కోసం మేం ఏడ్చిన ఆదివారాలు

ఆ జపాను సీరియల్‌ని మాకు పరిచయం చేసింది ఒక నర్సు. ఇండియా వదిలొచ్చి మేం ఉంటున్న ఎటోబికోలో, మా టౌన్‌హౌస్‌కి రెండు వీధుల అవతల ఒక బేస్‌మెంట్‌లో అద్దెకుండేది. కరీంనగర్ అమ్మాయి, నాకంటే పదేళ్ళు చిన్నది. వృద్ధాశ్రమంలో పని. అక్కడ తొంభై దాటిన ఒక జపాను ముసలావిడకి తల దువ్వుతూ, అన్నం తినిపిస్తూ, ఆవిడతో పాటు ఆ సీరియల్ చూడటం అలవాటు చేసుకుంది. ఒకరోజు ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుతుంటే కనిపించి, నన్ను పక్కకి పిలిచి మరీ చెప్పింది.

"అక్కా, మీరిది చూడాలె. వెయ్యేండ్ల కిందటి రాజుల కథ. ఒక్కరు కూడ గట్టిగ మాట్లాడరు. కానీ అందరు ఒకరికొకరు గోతులు తవ్వుకుంటనే ఉంటరు."

మా ఇంట్లో పెద్ద టీవీ ఉంది. మావారి ఉద్యోగం పోవడానికి సరిగ్గా నెల ముందు కొన్నాం. కనీసం దాన్నయినా వాడుకుందామని, ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో చూద్దామన్నాను. నర్సు వచ్చేది. హైదరాబాదు సచివాలయంలో ముప్పై ఏళ్ళు ఫైళ్ళు చూసి, రిటైరయ్యాక కూతురి దగ్గర ఉంటున్న ఒక పెద్దాయన వచ్చేవారు. మా ప్రాంతపు తెలుగు సంఘం అధ్యక్షురాలు కూడా వచ్చేది. ఆవిడ భర్త ఒక బ్యాంకులో ఐటీ మేనేజరు. ఆ సంగతి మా అందరికీ ఎలాగో రెండు నిమిషాలకొకసారి గుర్తొచ్చేది.

కథ పెద్ద కష్టమేమీ కాదు. ఒక రాజు, ఆయనకొక రాణి. రాణి తండ్రి చనిపోయాడు, వెనక ఎవరూ లేరు. అది చూసి ఒక మంత్రి, ఇంకా బొమ్మలతో ఆడుకునే తన కూతుర్ని తెచ్చి రెండో రాణిగా కూర్చోబెట్టాడు. మొదటి రాణిని ఎవరూ ఒక్క మాట అనరు. ఆవిడకు వచ్చే ఉత్తరాలు తగ్గుతాయి. చెలికత్తెలు ఒకరొకరే ఒంట్లో బాగాలేదని ఇళ్ళకు వెళ్ళి తిరిగి రారు. పండగ రోజు ఆవిడ కూర్చునే చోటు ఒక స్తంభం వెనక్కి జరుగుతుంది. అంతే. అన్ని ఎపిసోడ్లూ అదే.

మావారికి మొదటి నుంచీ ఒకటే అనుమానం, కత్తులు ఎప్పుడు తీస్తారని. ఎనిమిదో ఎపిసోడ్‌లో మంత్రి ఒక మడత పెట్టిన కాగితాన్ని చదవకుండానే అంగీ చేతి మడతలోకి తోసేశాడు. నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఈయన రిమోట్ తీసుకుని మూడుసార్లు వెనక్కి తిప్పి చూసి, ఏమైందో చెప్పమని అందర్నీ బతిమాలారు. రాణి పంపిన పద్యానికి జవాబు ఇవ్వకపోవడమంటే చెంపదెబ్బ కొట్టినట్టేనని నర్సు చెప్పింది. మరి చెంపదెబ్బే కొట్టొచ్చు కదా, టైమ్ కలిసొచ్చేది అన్నారు ఈయన.

పేర్లు మాకెవరికీ నోరు తిరగలేదు. మంత్రికి బావగారని, ఎప్పుడూ మొహం ఎర్రగా పెట్టుకునే ఆయన అన్నకి బీపీ పెద్దన్నని, రాజుకి అల్లుడని పేర్లు పెట్టుకున్నాం. బావగారి మీద ప్రతి ఆదివారం తీర్పు జరిగేది. ఆడపిల్ల తండ్రి కాబట్టి పిల్ల భవిష్యత్తు చూసుకున్నాడు, తప్పేముందని పెద్దాయన వాదన. పదవి కోసం కన్నకూతుర్ని వాడుకునేవాడు మనిషే కాడని అధ్యక్షురాలి తీర్పు. ఆ ఏడాది మా సంఘం సాంస్కృతిక కార్యదర్శి ఆవిడ కూతురే. ఎన్నిక జరిగిందని మాకు ఈమెయిల్ వచ్చింది, ఎప్పుడు జరిగిందో రాలేదు.

గొడవ పళ్ళ దగ్గర మొదలైంది. ఒక ఎపిసోడ్‌లో మంత్రి భార్య నవ్వితే పళ్ళు కాటుక రాసినట్టు నల్లగా ఉన్నాయి. పెద్దాయన సోఫాలో ముందుకు జరిగి, చేత్తో టీవీ ఆపమన్నారు. అది తాంబూలమని, మన సంస్కృతి సముద్రాలు దాటి ఆ ఆస్థానం దాకా వెళ్ళిందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదని చెప్పారు. అధ్యక్షురాలు ఫోన్‌లో నోట్ చేసుకుంది. నేను కూడా తల ఊపాను. తాంబూలంతో పళ్ళు ఎర్రబడతాయి గాని నల్లబడవని మా అమ్మమ్మని చూసిన నాకు తెలుసు.

"తాంబూలం కాదంకుల్," అంది నర్సు. "ఇనుప ముక్కలు నానబెట్టిన నీళ్ళతోని రంగు చేసి పూస్తరు. పెద్దింటి ఆడవాళ్ళకు అదే అందమట. మా పేషెంటు వాళ్ళ అమ్మమ్మ కూడ పూసుకునేదట."

పెద్దాయన వెనక్కి జరిగారు. టీ కప్పు టేబుల్ మీద పెట్టేశారు. సగం టీ అలాగే ఉండిపోయింది. సచివాలయంలో ఆయన రాసిన నోట్ కింద ముప్పై ఏళ్ళు అందరూ సంతకమే పెట్టారు, ఎవరూ వేరే మాట రాయలేదు. పాపం ఆ పిల్లకి అది తెలియదు. తర్వాతి వారం, జుట్టు కత్తిరించుకున్న రాజమాతకి పిచ్చి పట్టిందని ఆయన అంటే, పిచ్చి కాదు, సన్యాసం తీసుకుందని చెప్పింది. ఆ పైవారం ఇంకొకటి. ప్రతిసారీ నవ్వుతూ, మర్యాదగా, అంకుల్ అంటూనే చెప్పింది. ప్రతిసారీ ఆమె చెప్పిందే నిజమైంది. అదే ఆమె చేసిన తప్పు.

బుధవారం నాడు అధ్యక్షురాలు ఫోన్ చేసింది. ముందు నా ఆరోగ్యం అడిగింది. తర్వాత, వచ్చే వారం నుంచి సీరియల్ తన కాండో బిల్డింగులోని పార్టీ రూమ్‌లో చూద్దామంది. స్క్రీన్ పెద్దది, పార్కింగ్ ఉంది, లేక్ వ్యూ ఉంది. కొత్త వాట్సాప్ గ్రూప్ పెట్టానని, నన్ను యాడ్ చేశానని చెప్పింది. నర్సుని చేశారా అని అడిగాను. ఆ అమ్మాయి మంచిదేనంది. పెద్దాయన మనసు కష్టపెట్టుకున్నారంది. పైగా ఆమె నర్సు ఇండియాలోనేనట, ఇక్కడ లైసెన్సు ఇంకా రాలేదట, చేసేది పీఎస్‌డబ్ల్యూ పని, అంటే మన భాషలో ఆయా కదండీ అంది.

ఆ అమ్మాయికి ఏం చెప్పమంటారని అడిగాను. అప్పుడు ఆవిడ గొంతు ఇంకా మెత్తగా చేసింది.

"మీరేం అబద్ధం చెప్పక్కర్లేదండీ. చెప్పకుండా ఉంటే చాలు."

వెంటనే, అదే గుక్కలో, నేనిదివరకు ఇచ్చిన మావారి రెజ్యూమె వాళ్ళాయనకి పంపానని, ఈ వారంలో వాళ్ళ బ్యాంకులో ఉద్యోగానికి రెఫరల్ పెట్టేస్తారని చెప్పింది. నేను థాంక్స్ చెప్పాను. దేనికి చెప్పానో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

రాత్రి భోజనాల దగ్గర మావారికి విషయం చెప్పాను. నీ ఇష్టం అన్నారు. పెళ్ళయిన నాటి నుంచీ ఈయన నీ ఇష్టం అన్నారంటే, పాపం నా ఖాతాలో వేసుకోమని అర్థం. పెరుగన్నం కలుపుకుంటూ, "రెఫరల్ ఈ వారమే అన్నారా?" అని అడిగారు.

పాత గ్రూప్ అలాగే ఉంది. శనివారం పొద్దున్న అందులో నర్సు మెసేజ్ పెట్టింది, రేపు ఎప్పటిలాగే రెండు గంటలకేనా అని. అందరం చదివాం. పెద్దాయన నమస్కారం బొమ్మ పెట్టారు. ఇంకెవరూ ఏమీ పెట్టలేదు. నేను రెండుసార్లు టైప్ చేసి చెరిపేశాను. మూడోసారి వంటింట్లో కుక్కర్ కూత వేసింది. అది నాకు మంచి సాకుగా దొరికింది.

ఫిబ్రవరి నెల. ఆదివారం మంచు పడుతోంది. పార్టీ రూమ్ పందొమ్మిదో అంతస్తులో ఉంది, లేక్ వ్యూ అన్నారు గాని బయటంతా తెల్లటి గోడలా ఉంది. పకోడీలు, సమోసాలు, పెద్దాయనకి విడిగా వాలు కుర్చీ. ఆ రోజుకి ఒక ఎపిసోడ్ అయిపోయి రెండోది మొదలవుతుండగా నా ఫోన్ మోగింది. నర్సు. కారిడార్‌లోకి వెళ్ళి ఉంటే పోయేది. నాకు ఆ తెలివి కూడా లేకపోయింది, కుర్చీలోనే తల వంచుకుని ఎత్తాను.

"అక్కా, మీ ఇంటి ముందట ఉన్న. బెల్లు కొడ్తుంటే ఎవ్వరు తీస్తలేరు. అంత బాగనే ఉన్నరా?"

"అయ్యో, మేం బయటికొచ్చామమ్మా. అనుకోకుండా పని పడింది."

సరిగ్గా అప్పుడే పెద్దాయనకి వినపడటం లేదని ఎవరో సౌండ్ పెంచారు. పిల్లనగ్రోవి మోగింది. రాజుగారు వస్తున్నారని ఒకడు జపాను భాషలో పొడుగ్గా కేక పెట్టాడు. ఆ కేక ఎంతసేపు సాగిందో నాకిప్పటికీ గుర్తుంది. అటువైపు మంచు మీద బూట్లు కదిలిన చప్పుడు వినిపించింది.

"పదహారో ఎపిసోడ్ గదా అక్కా అది," అంది.

అవునన్నాను. కాదనడానికి ఏమీ మిగల్లేదు.

"నేను డ్యూటీల చూసిన. చివర్ల బాగ ఏడుపొస్తది. టిష్యూలు దగ్గర పెట్టుకోండ్రి." తర్వాత, "సర్వపిండి తెచ్చిన. ఇక్కడ పెడితే గడ్డ కడ్తది. తీస్కపోత," అంది. ఫోన్ పెట్టేసింది.

ఎవరు అని మావారు కళ్ళతోనే అడిగారు. నేను చెప్పకముందే అర్థమై, సమోసా వైపు చూడటం మొదలుపెట్టారు.

ఆ ఎపిసోడ్ చివర పున్నమి వేడుక ఉంది. పెద్ద రాణి ఆరు రంగుల బట్టలు ఒకదాని మీద ఒకటి కట్టుకుని, పద్యం రాసుకుని, మండపానికి వెళ్తుంది. మండపంలో ఎవరూ ఉండరు. దీపాలు కూడా ఉండవు. వేడుకని మంత్రిగారి తోటలోకి మార్చారు, ఆవిడకి ఎవరూ చెప్పలేదు. దూరంగా సంగీతం వినిపిస్తుంటే ఆవిడ అక్కడే కూర్చుని చంద్రుణ్ణి చూస్తుంది.

పార్టీ రూమ్‌లో అందరూ ఏడ్చారు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అధ్యక్షురాలికి వెక్కిళ్ళు కూడా వచ్చాయి.

"అంత మంది ఉన్నారు. ఒక్కరైనా చెప్పొచ్చు కదండీ," అంది. "మనుషులేనా వీళ్ళు?"

ఆవిడ ముఖంలోకి చూశాను, ఎక్కడైనా ఒక్క గీత కదులుతుందేమోనని. ఏమీ కదల్లేదు. నిజంగానే ఏడుస్తోంది. దొంగ ఏడుపయితే నాకు కొంచెం ధైర్యంగా ఉండేది. టిష్యూల డబ్బా చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చింది. నేనూ రెండు తీసుకున్నాను. నాకూ కన్నీళ్ళు వచ్చాయి, రాణి కోసమని అందరూ అనుకున్నారు, నేను కాదనలేదు. పెద్దాయన మాత్రం తేరుకుని, బయల్దేరేముందు ఒక మనిషిని పంపి కనుక్కోకపోవడం రాణి తప్పేనని తేల్చారు. అందరూ ఔనన్నారు.

రెఫరల్ సంగతి త్వరగానే తేలింది. మార్చిలో బ్యాంకులో హైరింగ్ ఫ్రీజ్ అని కబురొచ్చింది. ఏప్రిల్‌లో అధ్యక్షురాలి అక్క కొడుకు అదే బ్యాంకులో చేరాడని కొత్త గ్రూప్‌లో ఫొటో వచ్చింది, మెడలో ఐడీ కార్డుతో. మేమిద్దరం కంగ్రాట్స్ పెట్టాం. మావారు చప్పట్ల బొమ్మలు కూడా జత చేశారు. తర్వాత ఆయనకి ఒషావాలో ఒక గోడౌన్ కంపెనీలో కాంట్రాక్టు దొరికింది, ఎవరి మాటా లేకుండా ఆన్‌లైన్‌లో అప్లై చేస్తే. ఉగాది సంచికలో పెద్దాయన వ్యాసం అచ్చయింది. జపాను ఆస్థానంలో తాంబూలం గురించి, రెండు పేజీలు. ఫొటోలు నలుపు తెలుపు కావడం వల్ల పళ్ళు ఏ రంగో ఎవరికీ తెలియలేదు.

మే నెలలో నర్సు ఇంటికి వెళ్ళాను. ముందుగా ఫోన్ చేయలేదు, రావద్దంటుందేమోనని. తలుపు తీసి, ఒక్క క్షణం చూసి, లోపలికి రమ్మంది. చిన్న గది. టేబుల్ నిండా లైసెన్సు పరీక్ష పుస్తకాలు. వాటిని జరిపి నాకు కుర్చీ వేసింది. ఆ రోజు జరిగింది తప్పేనని చెప్పాను. దారిలో కూర్చుకున్న మాటలన్నీ రెండు వాక్యాల్లో అయిపోయాయి.

"నేనేం తప్పు జేసిన అక్కా? అది చెప్పండ్రి చాలు."

పెద్దాయన మాటకి అడ్డం వచ్చావని చెప్పాను. పళ్ళ రంగు గురించి చెప్పినందుకా అని మళ్ళీ అడిగి తెలుసుకుంది. కోపం కాదు, అర్థం చేసుకోవడానికి అడిగినట్టే ఉంది.

"సరే, ఆయన సంగతి ఇడిసిపెట్టండ్రి. మీరెందుకు చెప్పలే?"

రెఫరల్ విషయం చెప్పాను. చెబుతుంటే అది ఎంత చిన్నగా ఉందో నాకే వినిపించింది.

"వచ్చిందా మరి?"

"రాలేదు."

"వస్తే ఈడికి వచ్చేటోళ్ళా?"

నేను టేబుల్ మీది పుస్తకాల అంచులు సర్దాను. ఆమె రెండోసారి అడగలేదు, లేచి టీ పెట్టింది. జపాను ముసలావిడ మార్చిలో పోయిందని చెప్పింది. సీరియల్ మాత్రం ఆశ్రమంలో హాల్లో పెడుతున్నారట. పదిమంది దాకా చూస్తారు, సగం మంది నిద్రపోతారు, మిగతా వాళ్ళకి పోయిన వారం కథ గుర్తుండదు, ప్రతిసారీ మొదటి నుంచి చెప్పాలట. అది చెబుతున్నప్పుడు ఒకసారి నవ్వింది. టీ తాగి వచ్చేశాను. మా ఇంటికి మళ్ళీ రమ్మని నేను అన్నాను, చూస్తానని ఆమె అంది. తర్వాత రెండుమూడు ఆదివారాలు మెసేజ్ పెట్టాను. డ్యూటీ ఉందక్కా అని వచ్చింది. ఉండే ఉంటుంది.

కాండోలో సీరియల్ అయిపోయింది. ఇప్పుడు కొరియాది నడుస్తోంది, మేం వెళ్ళడం మానేశాం. ఎందుకు మానేశామని ఎవరూ అడగలేదు.

పోయిన నెల ఇండియన్ స్టోర్‌లో బిల్లు కట్టేటప్పుడు కౌంటర్‌లో ఆవిడ చెప్పింది, ఆ కరీంనగర్ అమ్మాయి పరీక్ష పాసయిందని, లండన్‌లో పెద్ద హాస్పిటల్‌లో నర్సు ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయిందని. వెళ్ళేముందు స్టోర్ వాళ్ళకి స్వీట్లు పంచిందట. ఆ సాయంత్రం మెసేజ్ పెట్టాను. రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది. "థాంక్స్ అక్కా. ఇల్లు సర్దుకుంటున్న." రమ్మని అనలేదు. అది సముద్రాల అవతలి లండన్ కాదు, ఈ దేశంలోదే, మా ఇంటి నుంచి రెండు గంటల డ్రైవ్.