అరటికాయ గుండె కొట్టుకుంది!

నిరుడు గుండె ఆపరేషన్ అయ్యాక డాక్టరుగారు నన్ను రోజూ నడవమన్నారు. గుండె వేగం నూటపది దాటితే మాత్రం వెంటనే ఆగిపొమ్మన్నారు. అది చూపించే వాచీ కోసం బెజవాడ బీసెంట్ రోడ్డులో ఒక షాపుకెళ్లాను. లిఫ్టు పనిచేయక, రొప్పుతూ మెట్లెక్కాను. సేల్స్‌మన్ నా చేతికి పెట్టిన వాచీ డెబ్బై రెండు చూపించింది.

"ఇంత ఆయాసపడుతుంటే డెబ్బై రెండేమిటండీ?" అన్నాను.

"మీ గాజులు అడ్డమొస్తున్నాయండీ. ఒకసారి తీసేయండి" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆయన నిక్షేపంలా ఉండగా, వాచీ కోసం నేను గాజులు తీసేయాలా? సంచీలోంచి అప్పుడే కొన్న కూర అరటికాయ తీసి, దానికి వాచీ బిగించాను.

"దీనికి గాజుల్లేవు, చూడండి" అన్నాను.

కాసేపటికి అరటికాయకూ డెబ్బై రెండే వచ్చింది!

అతను ఏమాత్రం తడుముకోకుండా, "చూశారా మేడమ్, ఎంత సెన్సిటివో!" అన్నాడు.

దీన్ని నమ్ముకుని నడుస్తూ నేను ఏ కాలవగట్టు మీదో కూలబడితే ఎవరిది పూచీ? వాచీ అతని మొహానే పడేసి వచ్చేశాను. ఇప్పుడు నాడి నేనే పట్టి చూసుకుంటున్నాను. ఆ సాయంత్రం వేపుడుకి, గుండె కొట్టుకున్న ఆ అరటికాయ తరుగుతున్నంతసేపూ మాత్రం నా గుండె వేగం నూటపది దాటే ఉంటుంది.