నా బట్టలు చూసొచ్చిన పార్కు

ఇప్పుడు ఎక్కడికైనా వెళ్ళాలంటే ఫోను తీసి వేలితో నాలుగుసార్లు పైకీ కిందకీ తోస్తే సరిపోతోంది. ఆ రోజుల్లో అలా కుదిరేది కాదు. ఆ రోజులంటే మరీ గుర్రబ్బళ్ళ కాలం కాదు లెండి, నాకు పంతొమ్మిదేళ్ళప్పటి మాట. మా ఊళ్ళో ఇంటికో బటన్ల ఫోను వచ్చేసింది, చెరుకు తోటల్లో కూర్చుని కూడా మాట్లాడుకుంటున్నారు. అయినా మా ఇంట్లో ప్రయాణానికి మాత్రం ఒకటే పద్ధతి. సింహాచలం వెళ్ళినా అదే, చుట్టాల పెళ్ళికి వెళ్ళినా అదే, పెద్దాసుపత్రికి వెళ్ళినా అదే. ముందు పంచాంగం, తర్వాత పులిహోర, ఆ తర్వాత ఎవరు ఎవరి మీద అలగాలో తేల్చుకోవడం. ఈ మూడూ అయ్యాక ఓపిక మిగిలితే ప్రయాణం. నేను ఏడో తరగతితో బడి మానేసిన దాన్ని. చదువు అబ్బలేదు గానీ జ్ఞాపకం మాత్రం గట్టిది. పురుడు పోసిన మంత్రసాని మొహం కూడా దీనికి గుర్తుండే ఉంటుందని మా నాయనమ్మ వేళాకోళం చేసేది. అలాంటి జ్ఞాపకం వరమని అందరూ అంటారు. మరిచిపోతే బాగుండునన్నవే ముందు వరసలో వచ్చి కూర్చుంటాయని వాళ్ళకి తెలియదు.

అప్పట్లో నేను అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీలో పనిచేసేదాన్ని. మాత్రల అట్టల్ని పెట్టెల్లో సర్దడం నా పని. పొద్దున్నే జంక్షన్లో కంపెనీ బస్సెక్కితే మళ్ళీ సాయంత్రానికే ఇల్లు. ఒక ఏడాది, సెలవు అన్నది పెట్టకుండా పనిచేసిన వాళ్ళకి బహుమతి అని నోటీసు అంటించారు. నేను పెట్టలేదు. జ్వరం వచ్చినా వెళ్ళాను. కాలికి మేకు గుచ్చుకుంటే గుడ్డ కట్టుకుని వెళ్ళాను. ఆఖరికి మా గానుగలో బెల్లం వండే రోజున కూడా వెళ్ళాను (బెల్లం వండే రోజున ఇంటి ఆడపిల్ల బయటికి పోవడమంటే, పీటల మీద నుంచి పెళ్ళికూతురు లేచిపోయినంత తప్పు మా వాళ్ళకి). ఏడాది తిరిగాక నా చేతిలో రంగురంగుల కాగితం ఒకటి పెట్టారు. విశాఖపట్నం దాటి సముద్రం ఒడ్డున కొత్తగా కట్టిన పార్కుకి పాసు. లోపల ఉండటానికి రిసార్టు, ఆడుకోవడానికి నీళ్ళు, తినడానికి భోజనం. పాసు మీద నా పేరు. ఐదుగురికి ప్రవేశం. ఒక శనివారం నాడు, ఆ ఒక్క రోజే. అక్కడ మూడంతస్తుల ఎత్తున జారుడుబల్ల ఉంటుందనీ, దాని మీద నుంచి జారితే కడుపులో పేగులు నోట్లోకి వస్తాయనీ మా సూపర్‌వైజరు చెప్పాడు. నాకు ఆ పేగుల మాట తెగ నచ్చేసింది. అది మొదలు నేను బస్సులో కిటికీ పక్కన కూర్చుని జారేదాన్ని, మాత్రలు సర్దుతూ జారేదాన్ని, గేదెకి కుడితి పెడుతూ జారేదాన్ని. పుట్టి బుద్ధెరిగాక నా పేరు మీద వచ్చిన మొదటి వస్తువు ఆ పాసు.

ఇంట్లో ఆ కాగితం చేతులు మారి మారి మెత్తబడిపోయింది. మేం ఐదుగురం సరిగ్గా సరిపోయాం: నాన్న, అమ్మ, అన్నయ్య, పెళ్ళై ఆర్నెల్లైన వదిన, నేను. నాన్న పాసుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"అక్కడ దేవుడెవులే?"

"దేవుడు లేడు నాన్నా. నీళ్ళుంటాయి."

"నీళ్ళు మన బోరుకాడ లేవేటి?"

దేవుడు లేని చోటికి అంత దూరం ఎందుకు వెళతారో ఆయనకి చివరిదాకా అంతుపట్టలేదు. అయినా కూతురికి వచ్చిన బహుమతి కదా అని వస్తానన్నాడు. అమ్మ మాత్రం దేవుడు ఉన్నా లేకపోయినా ఒకటే సరంజామా సిద్ధం చేసింది: పులిహోర, దద్ధోజనం, కొబ్బరికాయ, కప్పుకోవడానికి దుప్పట్లు, ఎందుకైనా మంచిదని పసుపు, కుంకుమ. పరాయి వాళ్ళింటికి ఒట్టి చేతులతో వెళ్ళకూడదు కనుక పార్కు యజమానికి ఇవ్వడానికి ఒక బెల్లం అచ్చు. పాసు వెనకాల చిన్న అక్షరాల్లో చీరలతో నీళ్ళలోకి దిగరాదని ఉన్నట్టు అన్నయ్య చదివి చెప్పాడు. అమ్మ అయితే గట్టు మీద కూర్చుని చూస్తానంది. నేను నెమలికంఠం రంగు చుడీదారు కుట్టించుకున్నాను. వదిన దాన్ని రెండుసార్లు ఒంటికి ఆనించుకుని చూసింది. నేనప్పుడు దాన్ని ముచ్చట అనుకున్నాను.

నాయనమ్మని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మోకాళ్ళ నొప్పులు, పైగా గేదె పాలు పిండటానికి ఇంట్లో ఒక మనిషి ఉండాలి కదా. ఆవిడ వింటుండగానే ఈ మాటలన్నీ అనుకున్నాం. ఆవిడ అరుగు మీద కూర్చుని అడ్డపొగ కాలుస్తూ ఉండిపోయింది (మా వైపు ముసలమ్మలు చుట్టని తిరగేసి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు; చూసేవాళ్ళకి గుండె జారుతుంది గానీ వాళ్ళ నాలుక కాలదు). మాట్లాడలేదంటే ఒప్పుకుందనుకున్నాం. నోట్లో నిప్పు పెట్టుకున్న మనిషి మాట్లాడదు, అంతే.

ఇంతలో పంచాంగం పెదనాన్న వచ్చాడు. నాన్నకి వరసకి అన్న. చేసేది వ్యవసాయమే గానీ ఊళ్ళో ఏ బండి కదలాలన్నా ఆయన వేళ్ళ మీద లెక్క కట్టాల్సిందే. శనివారం తూర్పుకి శూల అన్నాడు. విశాఖపట్నం మాకు తూర్పు. కదలకూడదు. పాసు ఆ శనివారానికే కదా పెదనాన్నా అంటే, శూల పాసు చూసుకుని రాదే అన్నాడు. నేను ఏడుపు మొదలెట్టబోయేసరికి ఆయనే దారి కూడా చెప్పాడు. పరస్థానం పెట్టాలి. అంటే మంచి రోజున, మంచి ఘడియలో, వెళ్ళేవాళ్ళ బట్ట ఒక్కొక్కటి సంచిలో పెట్టి, వెళ్ళే దిక్కున ఉన్న ఇంకొకరి ఇంట్లో ఉంచాలి. ఇక ఆ మనిషి ఆ రోజే బయల్దేరినట్టు లెక్క. ఆనక ఏ రోజున కదిలినా దోషం లేదు.

"బట్ట గడప దాటిందంటే మనిసి ఎల్లిపోనట్టే. మరి ఆ సంచి ఎనక్కి ఇంటికి రాకూడదు, గుర్తెట్టుకోండి," అన్నాడు.

గురువారం పొద్దున్న నాన్న పంచె, అమ్మ చీర, అన్నయ్య చొక్కా, వదిన చీర, నా చుడీదారు సంచిలో పెట్టి, తూర్పు వీధిలో ఉన్న మా మేనత్త ఇంట్లో గూట్లో ఉంచి వచ్చాం. తిరిగి వస్తుంటే నాకు ఒళ్ళు తేలిపోయింది. శాస్త్రం ప్రకారం నేను బయల్దేరిపోయాను. ఆ రెండు రోజులూ కంపెనీలో కనబడిన వాళ్ళందరికీ నేను ప్రయాణంలో ఉన్నానని చెప్పాను.

శనివారం పొద్దున్న ఆటో మాట్లాడుకుని మేనత్త అరుగు దగ్గర ఆగాం. వెళ్ళేవాళ్ళు తమ బట్ట తాము తాకి కళ్ళకి అద్దుకోవాలని పెదనాన్న సంచి విప్పించాడు. ఒక్కొక్కటే బయటికి తీశాం. పంచె, చీర, చొక్కా, చీర, చుడీదారు. అడుగున ఇంకోటి ఉంది. గళ్ళ చీర. నాయనమ్మది. తువ్వాలు మరిచిపోయారంటూ ఆవిడ గురువారం మధ్యాహ్నం వచ్చి సంచిలో ఏదో పెట్టి వెళ్ళిందని అప్పుడు చెప్పింది మేనత్త. అందరం వెనక్కి తిరిగి చూసేసరికి వీధి మలుపులో కర్ర పట్టుకుని, తలకి నూనె రాసుకుని, చంకలో మూటతో నాయనమ్మ నెమ్మదిగా వస్తోంది.

"నా బట్ట గురువారమే ఎల్లిపోనాది. మరి నానాగిపోతే ఎలాగర్రా?"

పెదనాన్న వేళ్ళు లెక్కపెట్టి, నిజమే, పెద్ద ప్రాణం బయల్దేరాక ఆపితే ఇంటికి మంచిది కాదన్నాడు. ఇక ఆరుగురం, పాసు ఐదుగురికి. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. నాన్న ఇంటి పెద్ద. నాయనమ్మని చెయ్యి పట్టుకుని నడిపించడానికి అమ్మ ఉండాలి. అన్నయ్యకి ఒక్కడికే ఇంగ్లీషు బోర్డులు చదవడం వచ్చు. కొత్త కోడల్ని వదిలేసి వెళితే వియ్యాలవారు ఏమనుకుంటారు. ఇవన్నీ ఎవరూ పైకి అనలేదు. అనకపోయినా నాకు ఒక్కొక్కటీ వినబడింది. ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. మా ఇంట్లో ఒక మర్యాద ఉంది. విస్తట్లో ఇంకొంచెం వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టి వద్దనాలి. రెండోసారి కూడా వద్దనాలి. మూడోసారి చెయ్యి తీసేయాలి. మేం అలాగే పెరిగాం. ఆ లెక్కనే నేను నోరు తెరిచాను.

"నానుండిపోతాన్లే నాన్నా. మీరెల్లి రండి."

అని, ఆ రెండోసారి కోసం ఎదురు చూశాను. నువ్వు లేకుండా ఎలా అని అమ్మ అంటుంది, పాసు దానిదే కదా అని అన్నయ్య అంటాడు, అప్పుడు నేను ఇంకోసారి వద్దంటాను, వాళ్ళు ఊరుకోరు. అదీ నా లెక్క. నాన్న తలెత్తి, ఎంతో ఊరట పడ్డ మనిషిలా నా భుజం తట్టాడు.

"మా తల్లే. నువ్వు రోజూ బస్సులో తిరుగుతానే ఉంటావు కదా."

అంతే. అందరికీ ఆ మాట సరిపోయింది. అచ్యుతాపురం వెళ్ళే కంపెనీ బస్సుకీ, సముద్రం ఒడ్డున జారుడుబల్లకీ తేడా ఏమిటో నేను చెప్పబోయేలోగా నాయనమ్మని ఎత్తి ఆటోలో కూర్చోబెట్టేశారు. నా చుడీదారు నాకిచ్చేయమన్నాను. సంచి వెనక్కి రాకూడదు కదా అన్నాడు పెదనాన్న. పైగా పాసు మీద పేరున్న మనిషి లేకపోతే గేటు దగ్గర ఏమంటారోనని అన్నయ్యకి భయం పట్టుకుంది. దానికేముంది, ఇవాళ్టికి నేనే మీ చెల్లిని అంది వదిన నవ్వుతూ (ఆర్నెల్లలో ఆవిడ అంత సరదాగా మాట్లాడటం అదే మొదలు). నా మెళ్ళోంచి కంపెనీ కార్డు కూడా తీసి ఇచ్చాను. ఎందుకు ఇచ్చానో ఈ రోజుకీ తెలియదు. ఆటో మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాను. చెయ్యి ఊపడం కూడా మర్యాదే కదా. తర్వాత ఇంటికొచ్చి గేదె పాలు పిండాను. అది ఒక తన్ను తన్నింది. ఆ రోజు నాకు పేగులు నోట్లోకి వచ్చిన సందర్భం అదొక్కటే.

సాయంత్రానికి వాళ్ళు ఎండకి నల్లబడి, ఒకళ్ళ మాట ఒకళ్ళు లాక్కుంటూ దిగారు. గేటు దగ్గర బయటి తిండి రానివ్వమంటే నాన్న కాపలావాడిని పక్కన కూర్చోబెట్టుకుని పులిహోర గిన్నె ఖాళీ చేయించాడట. బెల్లం అచ్చు కూడా అతనికే ఇచ్చి యజమానికి అందజేయమన్నాడట. నాయనమ్మ దగ్గర పొగ వస్తోందని ఎవరో పరిగెత్తుకొచ్చి చూస్తే నిప్పు ఎక్కడా కనబడలేదట, ముసలావిడకి ఒంట్లో బాగాలేదనుకుని మంచినీళ్ళిచ్చి వెళ్ళారట. వదిన నా చుడీదారులో మూడుసార్లు జారిందట. పేగుల సంగతి నిజమేనట. అన్నయ్య చెప్పులు విడుస్తూ, గేటు దగ్గర విడిగా టిక్కెట్లు కూడా ఇస్తున్నారనీ, తెలిసుంటే నేనూ వచ్చేసే దాన్ననీ అన్నాడు. ఆ మాట అన్న వెంటనే మంచినీళ్ళు అడిగాడు. ఇచ్చాను.

పార్కువాళ్ళు తీసిచ్చిన ఫోటో ఒకటి తెచ్చారు. ఐదుగురూ నీళ్ళ ముందు నిలబడి ఉన్నారు. కింద పాసు మీది పేరు అచ్చు వేశారు, ఫలానావారి కుటుంబం అని. నా పేరు, నా చుడీదారు, నా మెడకార్డు, వదిన మొహం. ఆ ఫోటో మా పుట్టింటి గోడకి ఇంకా ఉంది. చుడీదారు ఉప్పునీళ్ళకో మందునీళ్ళకో వెలిసిపోయి వచ్చింది. ఉతికి ఆరేశాను గానీ మళ్ళీ వేసుకోలేదు. దేశం తిరిగొచ్చిన చుట్టంలా అదే నా కంటే పెద్దదైపోయినట్టు అనిపించేది.

విచిత్రం ఏమిటంటే, ఆ పార్కు గురించి మా ఊళ్ళో నా అంత బాగా చెప్పగలిగినవాళ్ళు లేరు. వెళ్ళినవాళ్ళు రెండు నెలల్లో మరిచిపోయారు. నాకు మాత్రం కాపలావాడు పులిహోరలో మిరపకాయ తీసి పక్కన పెట్టిన సంగతితో సహా గుర్తుంది. నాయనమ్మ పోయేదాకా చివరి రెండేళ్ళూ సాయంత్రాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పించుకునేది. ఒకరోజు అంతా విని, చుట్ట నోట్లోంచి తీసి పక్కన పెట్టింది.

"నా బట్ట నానెట్టుకోకపోతే ఇంకెవులూ ఎట్టరు కదే."

ఆవిడ మీద కోపం తెచ్చుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. ఎంత ప్రయత్నించినా ఆ కోపం, ఆవిడ వింటుండగానే ఆవిడని లెక్కలోంచి తీసేసిన అయిదుగురి దగ్గరికే వెళ్ళేది. ఆ అయిదుగురిలో నేనూ ఉన్నాను.

ఇప్పుడు నేను అనకాపల్లి టౌన్లో ఉంటున్నాను. మా ఆయనది బెల్లం మార్కెట్లో తూకం దగ్గర పని. మొన్న మా అమ్మాయి ఫోనులో అదే పార్కు తీసింది. ఇప్పుడు జారుడుబల్లలు పన్నెండట. స్నేహితురాళ్ళ కుటుంబాలతో కలిసి శనివారం వెళ్ళాలని అన్నీ తనే ఏర్పాటు చేసేసింది. శూల గీల అని ఎవరూ అడగలేదు. ఎంతమందికి బుక్ చెయ్యాలో లెక్కపెడుతూ, "నువ్వొత్తావా అమ్మా?" అంది. పొయ్యి మీద చారు మరుగుతోంది. నా నోరు నన్ను అడగకుండా ఎప్పటిలాగే తెరుచుకుంది.

"నాకెందుకే, నానుంటాన్లే. మీరెల్లి రండి."

"సరే అమ్మా," అని అది ఫోనులోకి వెళ్ళిపోయింది.

గరిటెతో చారు ఒకసారి కలిపాను. తర్వాత నాకే నవ్వొచ్చింది. నలభై దగ్గరపడుతున్నా ఆ పంతొమ్మిదేళ్ళ పిల్ల ఇంకా అరుగు దగ్గరే నిలబడి రెండోసారి కోసం చూస్తోంది, పిచ్చి మొహం. చారు దింపి, గదిలోకి వెళ్ళి, అమ్మాయి సర్దుకుంటున్న సంచి అడుగున నా చుడీదారు ఒకటి మడిచి పెట్టాను. పైన తువ్వాలు కప్పాను. శాస్త్రం ప్రకారం నేను ఎప్పుడో బయల్దేరాను. ఇక చేరుకోవడమే మిగిలింది.