మా మేనమామ వాకౌట్ చేసిన రోజు

ఆ ఒక్క ఉదయం మా మేనమామ పోగొట్టుకున్నవి, నాకు తెలిసినంతవరకు ఇవి: పాల సొసైటీ అధ్యక్షుడి కుర్చీ, పది చేతుల మెజారిటీ, హోసూరులో కొన్న కొత్త తోలు చెప్పులు ఒక జత, వెంట నడిచిన ముప్పై రెండు మంది దగ్గర తన మాటకున్న విలువ, చివరికి సొంత ఓటు. వీటిలో చెప్పులొక్కటే ఎవరో ఎత్తుకుపోయారు, మిగతావన్నీ ఆయనే లేచి వదిలేసి వెళ్లాడు.

మొన్న హోసూరులో పళ్ల డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని ఉంటే, గోడ మీది టీవీలో చెన్నై శాసనసభను చూపించారు. ఏదో బిల్లు మన పద్ధతులకు సరిపడదంటూ కొందరు సభ్యులు కాగితాలు చించి, కండువాలు సర్దుకుని బయటికి నడిచారు. పక్కనున్న కుర్రవాళ్లు ఫోన్లలోంచి తలెత్తలేదు కానీ, నేను మాత్రం నొప్పి దవడను చేత్తో పట్టుకుని నవ్వాను. మన వయసు వాళ్లకైతే చెప్పుకోవచ్చు కదా అని ఇది రాస్తున్నాను.

అప్పట్లో నేను అత్తిముగం దగ్గర మా ఊరి పాల సొసైటీలో పాలు కొలిచి రాసేవాణ్ణి. చదువు పదో తరగతితో ఆగిపోయింది. కూడికలూ శాతాలూ వెన్న లెక్కలూ ఎదుటివాళ్లు వేస్తుంటే చూసి నేర్చుకున్నవే. మా మేనమామ ఆ సొసైటీకి అధ్యక్షుడు. ఆయన చెన్నైకి ఎన్నడూ పోలేదు కానీ శాసనసభలో ప్రతిపక్షానికి మా ఊరి శాఖ ఆయనే. సమావేశాలు జరిగే రోజుల్లో మంగలి అంగడి తెరవకముందే ఆ అరుగు మీద కూర్చునేవాడు, తమిళ పేపరు రాగానే ముందు తాను చదివి, తర్వాత అందరికీ తెలుగులో చెప్పి, ఆ తర్వాత వ్యతిరేకించేవాడు. వచ్చిన బిల్లు ఏదైనా సరే, మన పెద్దవాళ్లు అది లేకుండానే బతికారన్నది ఆయన మొదటి వాదన, చివరి వాదన కూడా. హెల్మెట్ చట్టాన్ని తలపాగా తరఫున వ్యతిరేకించాడు. ఆడబిడ్డకు ఆస్తిలో భాగమన్నప్పుడు ఒక పూట ఉపవాసం ఉండి, ఆ రాత్రి తన చెల్లెలే పోసిపెట్టిన దోసెలతో దాన్ని విరమించాడు.

పేపర్లో ఆయనకు అన్నిటికన్నా నచ్చిన మాట 'వెలినడప్పు', అంటే వాకౌట్. సభ్యులు లేచి బయటికి నడిచారన్న వార్త చదివిన రోజు ఆయన నడకలోనే ఒక హుందాతనం వచ్చేది. ఇంట్లో చారులో ఉప్పు తక్కువైతే కండువా దులిపి భుజాన వేసుకుని, "వెలినడప్పు!" అని వీధిలోకి పోయేవాడు. కాఫీ వేళకు వచ్చేసేవాడు కాబట్టి మా అత్త కూడా దాన్ని అడ్డుకునేది కాదు.

ఆ దోసెలు పోసిన చెల్లెలే మా పిన్నమ్మ. జూజువాడి నుంచి లారీ తోలే మా చిన్నాన్న పోయాక పుట్టింటి ఊరికి వచ్చి, రెండు ఆవులతో బతుకు మొదలుపెట్టింది. మా సొసైటీలో ఇంటికొక కార్డు, అది ఆ ఇంటి మగవాడి పేరు మీద ఉండేది. పాలు పిండేదీ మోసేదీ వరుసలో నిలబడేదీ ఆడవాళ్లే అయినా పేరు మాత్రం వాళ్లది కాదు. పిన్నమ్మ పాలు మామ కార్డులో పడేవి. పశువుల డాక్టరు రావాలన్నా కార్డుదారు సంతకం కావాలి. ఒకసారి మామ పెళ్లికని కృష్ణగిరికి పోయి రెండు రోజులు రాకపోతే, ఆ సంతకం కోసం చూసి చూసి ఒక ఆవు చచ్చిపోయింది. పిన్నమ్మ అన్నను ఒక్క మాట అనలేదు. మిగిలిన ఆవుకు మేత వేస్తూ, "దీనికి జరమొస్తే కూడా మా అన్న పెండ్లికి పోయింటాడో ఏమో" అని నాతో మాత్రం అంది.

ఆ తర్వాతి సమావేశాల్లోనే, పాలు పోసేవాళ్ల పేరు మీదే కార్డు ఉండాలన్న బిల్లు శాసనసభకు వచ్చింది. మామ పేపరు మడిచి, "రేపు ఎనుము కూడా కార్డు అడుగుతుంది" అన్నాడు. వ్యతిరేకిస్తూ సొసైటీలు తీర్మానాలు పంపితే ఎమ్మెల్యే వాటిని సభలో చదువుతాడని హోసూరు నుంచి ఎవరో చెప్పిపోయారు. తన మాట చెన్నై సభలో వినబడుతుందంటే మామకు నిద్ర పట్టలేదు. ఆ ఆదివారం పొద్దునే సర్వసభ్య సమావేశం పెట్టించి, వడలకు కూడా చెప్పాడు.

ఇక్కడ ఒక రూలు గురించి చెప్పాలి. మా ఊరి మగవాళ్లు చాలామంది హోసూరు ఫ్యాక్టరీల్లో షిఫ్టులకు పోయేవాళ్లు. అంతకుముందు ఎన్నికల్లో వాళ్ల ఓట్లు పోకూడదని, కార్డు ఎవరి చేతిలో ఉంటే ఆ చెయ్యే లెక్క అని రూలు పెట్టించింది మామే. భార్యలు కార్డులతో వచ్చి చేతులెత్తారు, మామ గెలిచాడు. ఆ రూలును తీసేయాలని తర్వాత ఎవరికీ తోచలేదు.

ఆ ఆదివారం నేను తలలు లెక్కపెట్టాను. మామ, ఉపాధ్యక్షుడైన మా పెదతాతతో కలిపి మగవాళ్లు ముప్పై నలుగురు, భర్తల కార్డులు తెచ్చిన ఆడవాళ్లు ఇరవై నలుగురు. పెదతాత అప్పటికే కుర్చీలో నిద్రపోతున్నాడు. కార్డు లేని మనిషి కదా అని పిన్నమ్మను నేను లెక్కలో వేయలేదు. మామ తీర్మానం చదివి, ఇక చేతులెత్తండి అనబోతుండగా ఆమె లేచింది.

"అన్నా, పిండేది నేను, మోసేది నేను. నా పేరు రాస్తే పాలు ఇరిగిపోతాయా?"

సభలో నవ్వులు. మామ ముఖం ఎర్రబడింది. తాను కూర్చున్నది అధ్యక్షుడి కుర్చీ అన్నదీ, గెలిచేంత మంది తన వెనకే ఉన్నారన్నదీ ఆ క్షణంలో గుర్తు రాలేదు. పాతికేళ్లుగా పేపర్లో చదువుకున్నదే గుర్తొచ్చింది. కండువా దులిపాడు.

"ఆడది సభలో లేసి అడిగినాక ఈడ నాకేం పని? వెలినడప్పు!"

ఆయన నడిచాడు, వెనకే ముప్పై రెండు మంది నడిచారు. "యాడికన్నా, అంత బిరబిరా? వడలు ఈడే ఉండాయి!" అని వెనక నుంచి ఒక గొంతు వినిపించింది, మళ్లీ నవ్వులు.

టీ అంగడి దగ్గర జరిగింది తర్వాత అంగడాయన చెప్పగా విన్నాను. విలేకరులు వస్తారన్నట్టు మామ రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడట. టీ సగం తాగిన వెంకటాపురం బావ మెల్లగా, "మామా, ఈడ మనం ముప్పై మూడు మందిమి ఉండాము. లోపల అంతమంది లేరే. మనమెందుకు బయటికి వచ్చినాము?" అన్నాడట. మామ గ్లాసు అక్కడే పెట్టేసి, బెంచీ కింద విప్పిన కొత్త చెప్పులు కనబడకపోతే కాళ్లకు దొరికిన ఎవరివో రబ్బరు చెప్పులతో తిరిగి వచ్చాడు.

అప్పటికి లోపల అంతా అయిపోయింది. ఇరవై మంది ఉంటే సభ చెల్లుతుందన్నది నిబంధన, అంతకన్నా ఎక్కువే ఉన్నారు. పెదతాతను లేపితే, "అందరూ ఎత్తినారా? అయితే నాదీ ఎత్తినట్టే" అన్నాడు. బిల్లును బలపరుస్తూ తీర్మానం, అది చట్టమయ్యేదాకా ఆగకుండా ఈ నెల నుంచే పాలు పోసేవాళ్ల పేరున కార్డులు, సభ వదిలిపోయిన అధ్యక్షుడి చోట మిగిలిన కాలానికి పెదతాత. అప్పుడు మా వదిన లేచి, "వాళ్లకు నడిచేది బాగా వస్తుంది గదప్పా. ఆ నడిచేదేదో నెల దినాలు పాలక్యాను ఎత్తుకొని నడవమనండి" అంది. అదీ నెగ్గింది, ఒక్కొక్కరికి ముప్పై ఉదయాలు.

మామ నా ముందు నిలబడి, "ఎన్ని చేతులు?" అన్నాడు.

"ఇరవై ఆరు."

"ఆడోళ్లు ఇరవై నాలుగే గదా?"

"పెదతాతది ఒకటి. నీ కార్డు ఒకటి."

రోజూ పాలతోపాటు తెచ్చే సంచిలోంచి ఆ కార్డు తీసి పిన్నమ్మ బల్ల మీద పెట్టింది. రూలు ఎవరు పెట్టారని ఆయన అడగలేదు.

ఆ బిల్లు చెన్నైలో ఏదో కమిటీకి పోయి చాలాకాలం అక్కడే ఉండిపోయింది. మా ఊళ్లో మాత్రం మరుసటి నెలే పిన్నమ్మ పేరు నా చేత్తోనే రాశాను. ఆమె ఆవుకు జ్వరం వస్తే తానే సంతకం పెట్టింది, డాక్టరు ఆ సాయంత్రానికే వచ్చాడు.

అనుచరుల్లో కొందరు తమ వంతుకు కొడుకులను పంపారు, కొందరు మోకాళ్లు చూపించి తప్పించుకున్నారు. మామ అలా చేయలేదు. సభ చేసిన తీర్మానాన్ని కాదనడం ఆయనకు చేతకాదు. పొద్దునే క్యాను భుజాన పెట్టుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి, "నా ఆక్షేపణ ఉంది, రాసుకో" అని చెప్పి, ఆ తర్వాతే పాలు పోసేవాడు. దారిలో మలుపు దగ్గర గుంత ఉందని మొదటిసారి ఆయనకు తెలిసింది. మూడో రోజు తానే మట్టి పోయించాడు. తర్వాత నడుము పట్టేసింది. ఇక చాలన్నా అని పిన్నమ్మ బతిమాలితే, సభ రద్దు చేయనిదాన్ని నువ్వెట్లా రద్దు చేస్తావని మిగతావి దీపావళి తర్వాతకు వాయిదా వేశాడు. ఆ వాయిదా మీద వాయిదాలు పడుతుండగానే ఒక వానాకాలంలో ఆయన పోయాడు.

ఇప్పుడు సొసైటీలో మిషనే వెన్న శాతం చెబుతుంది, ఫోనుకు మెసేజీ వస్తుంది, కార్డుల మీద అన్నీ ఆడవాళ్ల పేర్లే. శాసనసభను అరచేతిలో చూడొచ్చు. కానీ మా ఊళ్లో ఒక బిల్లు కోసం పొద్దున్నే అరుగు మీద కూర్చుని పోట్లాడేవాళ్లు లేరు; వద్దనేవాళ్లు పేరు లేకుండా ఫోన్లలో వద్దంటారు, ఓడినా వాళ్లకు మోయవలసింది ఏమీ ఉండదు. మామ ఎదురుగా నిలబడి వద్దన్నాడు, ఓడిపోయాక భుజం వంచాడు. ఆయన మోసినవి పందొమ్మిది ఉదయాలు. బాకీ ఇంకా పదకొండు.